సైనికుని గాయము – విమానచోదకుని యోగ్యత



కొన్ని యేండ్ల క్రిందట నొకనాటి మధ్యాహ్నము, దివిసీమనుండి బందరు వచ్చు బస్సు దిగి, ఒక యువకుడు రెండు కాగితములు చేతబట్టుకొని మా వీధియరుగు మీదికి వచ్చినాడు. అతడు నా శిష్యుడు. పేరు చెప్పను. వైమానిక దళములో యంత్రముల కడ పనిచేసి, ఒక చెవికి వినికిడి తగ్గిన కారణమున సేవనుండి పంపివేయబడినవాడు. "మాస్టారూ, ఈ రెండును తమరే వ్రాసిపెట్టవలెను" అన్నాడు.

మొదటిది అంగవైకల్యపు పింఛనునకు అర్జీ. నా చెవి చెడినది, చెడుటకు కారణము సర్కారు కొలువే, గావున భృతి యిప్పించుడని దాని తాత్పర్యము. రెండవది విమానచోదకుని శిక్షణలో చేరుటకు ముందు జరుగు వైద్యపరీక్షకై పూరింపవలసిన పత్రము. నా దేహము పనికి తగియున్నది, నన్ను విమానము నడుపనిండని దాని తాత్పర్యము. శిక్షణపు రుసుముకై తండ్రి ఎకరమున్నర మాగాణి అమ్ముటకు సిద్ధపడియున్నాడట. ఒకే కలముతో, ఒకే పూట, ఒకే చెవిని గూర్చి రెండు మాటలు వ్రాయవలసివచ్చినది. నేను చదివిన తర్కశాస్త్రములో దీనికి వ్యాఘాతమని పేరు. కలము క్రిందబెట్టి, ఈ చిక్కు లోకములో ఎప్పుడు పుట్టినదా యని ఆలోచించితిని. నాకు తెలియవచ్చిన చరిత్రమును నేడు మీకు మనవి చేయుచున్నాను.

గాయపడిన భటుని పోషించుట రాజధర్మమని మన పూర్వు లెఱుగుదురు. కొలువులో మరణించినవారి భార్యాపుత్రులకు గ్రాసమును వేతనమును ముట్టవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రములో విధించినాడు. తెలుగు కన్నడ సీమలలో యుద్ధమున ప్రాణము విడిచినవాని కుటుంబమునకు భూమి నిచ్చి దానిని నెత్తురు మాన్యమని వ్యవహరించెడివారు. ఆ కాలమున ఈ విషయమున వైద్యుని సాక్ష్యముతో పనిలేదు. ఊరంతయు సాక్షి.

వైద్యుని చీటీ, గుమాస్తా లెక్క మన తీరమునకు కంపెనీవారితో వచ్చినవి. 1759వ సంవత్సరము ఏప్రిలు నెలలో కర్నలు ఫోర్డు అను ఆంగ్ల సేనాని రాత్రివేళ బురదనేల దాటి, ఫ్రెంచివారి చేతిలోనున్న బందరుకోటను పట్టుకొన్నాడు. ఆ కోటలో నేడు శిథిలమైన కట్టడములును, తుమ్మపొదలును మిగిలియున్నవి. మా చిన్నతనమున అచ్చటికి పోయి గోడల సందులలో తుపాకిగుండ్లు దొరకునేమోయని వెదకెడివారము. దొరకినది చెప్పుకోదగినది కాదు. ఆ యుద్ధములలో కాలు సేతులు పోగొట్టుకొన్నవారి గతి యేమని ఆ వయస్సులో మాకు తోచలేదు.

వారిలో తెల్లవారికొక ఆధారము దొరకినది. బంగాళపు నవాబు మీర్ జాఫరు చనిపోవుచు క్లైవు దొరకు అయిదు లక్షల రూపాయలు విడిచినాడు. క్లైవు ఆ ధనమును 1770లో కంపెనీ సేనలో అంగహీనులైనవారికిని, వారి వితంతువులకును నిధిగా నేర్పరచినాడు. దీని చివరికథ విచిత్రమైనది. 1857 తిరుగుబాటు తరువాత కంపెనీ సేనలు రాణిగారి సేనలైపోగా, నిధి యుద్దేశము తీరినదని, సొమ్ము మాకు తిరిగి రావలెనని క్లైవు వారసులు వ్యాజ్యము వేసిరి. 1863లో ఇంగ్లండునందలి ప్రభువుల సభ వారసుల పక్షముననే తీర్పు చెప్పినది. బంగాళపు ధనము బంగాళము దాటి, గాయపడిన సిపాయిలను దాటి, ఇంగ్లండులోని యొక జమీందారీకి చేరినది.

నల్ల సిపాయిలకు మద్రాసు సేనలో వేఱు పద్ధతి. పూర్తిగా పనికిరానివారికి పింఛను. కదనమునకు చాలక, కాపలాకు చాలువారికి వెటరన్ బెటాలియనులని వేఱు దళములు. ఈ విభాగములోని బుద్ధి మెచ్చదగినది. మనిషి చెడినాడా, చెడలేదా యని గాక, ఏ పనికి చెడినాడు, ఏ పనికి మిగిలినాడు అని అడిగినారు. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. తరువాత పనికివచ్చును.

ఆ సిపాయి పింఛను పుచ్చుకొని, కుంటికాలితో గుడివాడ పక్క పల్లెకు వచ్చి, నాగలి పట్టినాడనుకొనుడు. వాని కాలు సంగతి యెవ్వరును అడుగరు. వాని దుక్కి వంకరయైనచో నష్టము వానిదే. ఒకే దేహమునకు రెండు కచేరీలు సాక్ష్యమడుగుట అప్పటికి లేదు. అది విమానముతో వచ్చినది.

మన దేశమున టాటాలవారి తపాలా విమానము 1932 అక్టోబరులో మొదలైనది. కరాచీనుండి బొంబాయివఱకు జె. ఆర్. డి. టాటాగారు స్వయముగా నడిపిరి. బొంబాయినుండి బళ్లారిమీదుగా మద్రాసునకు నడిపినవాడు నెవిల్ విన్‌సెంటు. ఇతడు బ్రిటిషు వైమానిక దళములో పనిచేసి బయటికి వచ్చినవాడు. అనగా, మన దక్షిణదేశపు మొదటి తపాలా విమానము నడిపినవాడే ఒక మాజీ సైనికుడు. తరువాత రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. మన గన్నవరము విమానాశ్రయము ఆ యుద్ధకాలపుదే. యుద్ధము ముగియగానే డకోటా విమానములు చౌకగా దొరకినవి, యుద్ధములో ఆరితేరిన చోదకులును దొరకిరి. హైదరాబాదులో నిజాము ప్రభుత్వమును టాటాలును కలసి దక్కన్ ఎయిర్‌వేసు అను సంస్థను నడిపిరి. స్త్రీలలో మొదటి వాణిజ్య విమానచోదకురాలు ప్రేమ్ మాథుర్‌గారికి ఉద్యోగ మిచ్చినది ఆ సంస్థయే. 1953లో అది మఱికొన్నిటితోపాటు జాతీయ సంస్థలో లీనమైనది.

ఎడ్లబండి తోలువాని చెవి మందమైనచో వెనుక వచ్చువాడు కేక వేయును. బండిలోనివారు దిగి నడువవచ్చును. విమానమున నట్లు కాదు. గాలిలో నున్న నూటయేబదిమంది ప్రాణములు ముందు కూర్చున్న ఇద్దరి కన్నులలో, చెవులలో, గుండెలో నుండును. కావుననే 1944 డిసెంబరులో షికాగో నగరమున పెక్కు దేశములు కూడి చేసికొన్న ఒడంబడికను అనుసరించి, 1948లో చోదకుల అనుమతిపత్రములకు అంతర్జాతీయ నియమములు ఏర్పడినవి. ప్రయాణికుల విమానము నడుపువాడు మొదటి తరగతి వైద్యపరీక్షలో నెగ్గవలెను. అది ఒకసారితో తీరునది కాదు. ఏటేట జరుగును. అఱువదియేండ్లు దాటినవానికి ఆఱు నెలల కొకసారి. దూరదృష్టి అద్దములతోనైనను ఇంత యుండవలెను, మూర్ఛరోగ చరిత్ర యుండరాదు అని నియమములు. చెవికి లెక్క మఱింత సూక్ష్మము. 500, 1000, 2000 హెర్ట్జుల ధ్వనులలో ఏ చెవికైనను 35 డెసిబెల్లులకు మించి, 3000 హెర్ట్జులలో 50 డెసిబెల్లులకు మించి లోపముండరాదు. అంతకుమించిన లోపమున్నను, విమానపు గదిలోని చప్పుడు మధ్య మాట స్పష్టముగా వినగలడని పరీక్షలో తేలినచో, తగినవాడని యెంచవచ్చునని మఱియొక వాక్యము కూడ కలదు. నా శిష్యునికి ఈ వాక్యమే ఆశ.

ఇచ్చట ఇద్దరి కథలు చెప్పవలెను. చెప్పక దాటుటకు నాకు మనసు రాదు.

వైలీ పోస్టు అమెరికా దేశపు పేదరైతు బిడ్డ. 1926లో నూనెబావిపై కూలిపని చేయుచుండగా ప్రమాదమున ఎడమకన్ను పోయినది. చట్టప్రకారము నష్టపరిహారము వచ్చినది. ఆ సొమ్ముతో అతడేమి చేసినాడు? పాత విమానమొకటి కొన్నాడు! కన్ను పోయినందుకు వచ్చిన ధనముతో, రెండు కన్నులవారికే సులభము కాని విద్యకు దిగినాడు. ఒంటికంటికి దూరము తెలియుట కష్టము. కావున చెట్టును చూచి ఇన్ని గజములని యెంచి, నడచి కొలిచి, తప్పు దిద్దుకొనుచు సాధన చేసినాడందురు. అధికారులు మినహాయింపుతో అనుమతిపత్ర మిచ్చిరి. 1931లో ఒక తోడుతో భూగోళమును తొమ్మిది దినములలోపున చుట్టివచ్చినాడు. 1933లో ఒంటరిగా, ఎనిమిది దినములలోపున. లోకములో ఒంటరిగా విమానమున భూప్రదక్షిణ చేసిన మొదటివాడు ఒంటికంటివాడు. 1935 ఆగస్టు 15న అలాస్కాలో విమానము కూలి మరణించినాడు.

రెండవవాడు డగ్లస్ బేడరు. బ్రిటిషు వైమానిక దళపు యువకుడు. 1931 డిసెంబరులో, నేలకు మిక్కిలి తక్కువ యెత్తున విన్యాసము చూపబోయి కూలి, రెండు కాళ్లును పోగొట్టుకొన్నాడు. లోహపు కాళ్లతో నడక నేర్చి, మరల విమానమెక్కి నడిపి చూపినాడు. అయినను 1933లో పింఛనిచ్చి పంపివేసిరి. కాళ్లు లేని చోదకుని గూర్చి నియమావళిలో ఏమియు వ్రాసియుండలేదట! ఆఱేండ్లు ఒక నూనెకంపెనీలో బల్లకడ కూర్చున్నాడు. 1939లో యుద్ధము రాగా, చోదకుల కొఱత కలుగగా, పరీక్షించి తిరిగి తీసికొనిరి. నియమము మాఱలేదు, కాళ్లు మొలవలేదు. అవసరము మాఱినది. 1941లో శత్రువులకు బందీయగువఱకు యుద్ధము చేసినాడు.

వీరిద్దరిలో నాకు కనబడు సామ్యము ధైర్యము కాదు. ధైర్యము చాలమందికి కలదు. వీరి లోపము దాచుటకు వీలుకానిది. కన్ను లేనితనము, కాళ్లు లేనితనము ఎల్లరకు కనబడును. కావున పరీక్షించువారు, "ఈ లోపముతో పని చేయగలడా?" యని సూటిగా అడుగగలిగిరి. కనబడని లోపముల కథ వేఱు.

ఇక భృతి కచేరీలోని చరిత్రము. గాయము కొలువువలననే కలిగినదని నిరూపించు భారము చాలకాలము భటుని మీదనే యుండెను. మంచమున పడినవాడు ఎడారిలోనో మంచుకొండలోనో జరిగినదానికి సాక్షులను తేవలెను! 1943లో బ్రిటనులో ఈ భారమును సర్కారు మీదికి త్రిప్పిరి. మన దేశపు 1982వ సంవత్సరపు నియమములును ఆ దారినే నడచినవి. చేరినప్పుడు ఆరోగ్యవంతుడని వ్రాసికొన్నవానికి పిదప రోగము వచ్చినచో, అది కొలువువలన వచ్చినదని గాని, కొలువుచే పెరిగినదని గాని మొదట ఊహింపవలెను. కాదనువారు నిరూపింపవలెను. ఈ నియమము కాగితముమీదనే నిద్రించుచుండగా, 2013 జూలైలో సుప్రీముకోర్టు ధరమ్‌వీర్ సింగు వ్యాజ్యమున దానిని తట్టి లేపినది. ఆయన సిగ్నల్సు దళమున 1985లో చేరిన సిపాయి. 1994లో మూర్ఛరోగమని, వైకల్యము నూటికి ఇరువదియని పంపివేసి, అది కొలువువలన వచ్చినది కాదని పింఛను నిరాకరించిరి. న్యాయస్థానము భటుని పక్షమున తీర్పు చెప్పినది. 2023 సెప్టెంబరునుండి సేవ విడుచువారికి నియమములు మరల మాఱినవి. మన పల్లెలలో అర్జీలు వ్రాయువారు పాతనకలు చూచి వ్రాయకుండుట మంచిది.

ఈ ఇరువది యను అంకెను బేడరు కాళ్లపక్కన పెట్టి చూడుడు. నూటికి ఇరువదిపాళ్లు మాత్రమే వికలుడని లెక్కించిన మూర్ఛరోగి ప్రయాణికుల విమానము నడుపరాదు. రెండు కాళ్లును లేనివాడు యుద్ధవిమానము నడిపినాడు. భృతిశాతమునకును, గగనయోగ్యతకును తక్కెడలో ఒక తూకపురాయి లేదు. మొదటి కచేరీ వెనుకకు చూచి, "ఈ మనిషికి ఏమి పోయినది, ఎవరివలన పోయినది?" అని యడుగును. రెండవది ముందుకు చూచి, "ఈ మనిషి గాలిలో ఆకస్మికముగా అశక్తుడగునా?" అని యడుగును. మీమాంసకులు చెప్పునట్లు, విషయము భిన్నమైనచో వాక్యములకు విరోధము లేదు. నాకు మొదట తోచిన వ్యాఘాతము వ్యాఘాతమే కాదు. మద్రాసు సేనవారి పాత విభాగమును జ్ఞాపకముంచుకొనుడంటిని గదా. ఏ పనికి చెడినాడు, ఏ పనికి మిగిలినాడు అనుటయే యిది.

అయితే ఒక నిబంధన. రెండు కచేరీలలోను చెప్పు వృత్తాంతము ఒక్కటే కావలెను. అమెరికాలో ఇది పెద్ద రచ్చ యైనది. అచ్చటి మాజీ సైనికుల శాఖ భృతి లెక్కలను, విమానశాఖ వైద్యపత్రములను సరిపోల్చగా, ఒకచోట రోగము చెప్పుకొని మఱొకచోట చెప్పనివారని అనుమానింపదగిన చోదకులు సుమారు 4,800 మంది తేలినట్లు 2023లో బయటపడినది. అందఱును దోషులు కారు. పెక్కుమంది కాగితములు సరిచేసికొన్న పిమ్మట నడుపుచునే యున్నారు. అఱువదిమందిని మాత్రము వెంటనే మానుమనిరి. చెప్పినచో జీవనోపాధి పోవునను భయమే దాచుటకు మూలము. ఆ భయము ఎంతవఱకు పోవునో 2015 మార్చి 24న ఫ్రాన్సు దేశపు కొండలలో తెలిసినది. మనోవ్యాధి దాచిన సహచోదకుడొకడు, పని చేయరాదని వైద్యులిచ్చిన చీటీలను చించివేసి, విమానమును కొండకు కొట్టి 150 మందిని బలిగొన్నాడు. తానును వారిలో నొకడు.

ఇక నా తప్పు చెప్పవలెను. ఆనాడు అరుగుమీద ఇంత చరిత్రము నాకు తెలియదు. శిష్యుడు రెండవ పత్రములో పూర్వపరీక్షల ఫలమేమి యను గడికి వచ్చి ఆగినాడు. "ఏమి వ్రాయుదుము, మాస్టారూ?" అన్నాడు. నాకు అతని తండ్రి కనులయెదుట మెదలినాడు. 1977 నవంబరు ఉప్పెనలో ఇల్లు వాకిలి పోగా, ఆకాశమునుండి హెలికాప్టరు జారవిడిచిన ఆహారపు పొట్లము తిని బ్రతికిన బాలుడతడు. కొడుకు ఆకాశమున పోవలెనని కోరుట తప్పా? "నాయనా, అబద్ధమాడవలదు. అడిగినదానికి కొంచెము చెప్పి తక్కినది మెల్లగా మ్రింగుము. ధర్మరాజంతటివాడు కుంజరః యను మాటను మెల్లగా అనలేదా?" అన్నాను. ముప్పదియేండ్లు భారతము చెప్పిన నోటితో అన్నమాట యిది.

వాడు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "మాస్టారూ, ఆ మాట తరువాత ధర్మరాజు రథ మేమైనదో తరగతిలో తమరే చెప్పినారు" అన్నాడు.

అంతవఱకు నేలకు నాలుగంగుళములు పైన నడచుచుండిన రథము ఆ మాటతో నేల నంటినది. నా పాఠము నాకే తిరిగి వచ్చినది. నేను ఆ గడిలో జరిగినదంతయు, తేదీలతో, పింఛను అర్జీ సంగతితో సహా నా చేతులారా వ్రాసితిని.

పరీక్షలో వెంటనే నిర్ణయము చెప్పలేదు. సేవలోని వైద్యపత్రములు తెమ్మనిరి. అవి యొక కచేరీలో కదలుటకు చాలకాలము పట్టినది. ఎన్ని ఉత్తరములు వ్రాసితినో నాకే లెక్క తప్పినది. చప్పుడులో మాట వినిపించి మరల పరీక్షించిరి. నెగ్గలేదు. ఎకరమున్నర అమ్మకము ఆగినది. పింఛను అర్జీ మాత్రము మొదట తిరిగివచ్చి, మరల పోయి, చివరకు మంజూరైనది. ఇప్పుడతడు హైదరాబాదులో విమానముల మరమ్మతుపని చేయుచున్నాడు. ఎడమచెవికి టోపీ అడ్డముంచుకొనునట.

ఇప్పుడును కోడూరునుండి, నాగాయలంకనుండి, గుడివాడ చుట్టుపట్లనుండి సేవ విడిచిన పిల్లలు అర్జీలకై వచ్చుచుందురు. అర్జీకి ముందు ఒక తెల్లకాగితముమీద వారి రోగవృత్తాంతమును ఏ కచేరీ పేరును లేకుండ వ్రాయింతును. "ఇకముందు ఏమి చేయదలచినావు, అబ్బాయీ?" అని యడుగుదును. పోలీసనియో, బ్యాంకు కాపలాయనియో, లారీ తోలుటయనియో అందురు. ఆ కాగితమునకు రెండు నకళ్లు తీయించి, ఒకటి వారికిచ్చి, ఒకటి నా పెట్టెలో దాచియుంచుచున్నాను.